ఆమాలా ఓటేసిన ఆదివారం

దీపావళి వెళ్లి పొద్దుటిపూట చలి తెలియడం మొదలయ్యాక, బోధన్‌లో మా ఇంటి ముందు ఓ లారీ ఆగుతుంది. గోనెగుడ్డలో కుట్టిన పెద్ద పెద్ద మూటలు దిగుతాయి. వాటి వెనకాల స్వెటర్ల అక్క దిగుతుంది. మా మడిగె షట్టర్ పైకి లేపి, బూజు దులిపి, సాయంత్రానికల్లా గోడ కనబడకుండా స్వెటర్లు, జాకెట్లు, మంకీ టోపీలు వేలాడదీస్తుంది. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఎవరొచ్చి అడిగినా బాపు ఆ మడిగెను ఇవ్వడు. "గది అక్కది" అంటాడు, అంతే.

అక్క టిబెట్ మనిషి. కానీ టిబెట్ చూడలేదు. కర్ణాటకలో టిబెట్ శరణార్థుల కోసం కట్టిన ఓ క్యాంపులో పుట్టి పెరిగింది. అక్కడ మొక్కజొన్న వేసుకుంటారు. కోతలయ్యాక సగం క్యాంపు లూధియానా సరుకు తీసుకుని చలికాలమంతా దేశం మీద పడుతుంది. నిజామాబాద్‌లో వాళ్ల గుంపు పెద్దది. ఓ ఖాళీ జాగాలో వరసగా టార్పాలిన్ దుకాణాలు వేసుకుంటారు. అక్క మాత్రం మొదటి నుంచీ బోధన్ పట్టుకుంది. రెంజల్, వర్ని, చందూర్ నుంచి వచ్చే రైతులు, సరిహద్దు అవతలి నుంచి వచ్చే మరాఠీవాళ్లు ఆమె గిరాకీ. ఊళ్లో అందరూ వాళ్లను నేపాలోళ్లు అంటారు. సరిదిద్దే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది. ఆ పని బాపు తీసుకున్నాడు.

"నేపాల్ గాదుర బై, టిబెట్. గది వేరే, గిది వేరే. నువ్వు బోధనోనివి, నిన్ను బీదర్ ఊరోడు అంటే ఊకుంటవా?"

బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. నా చిన్నప్పుడు గానుగ నడిచే కాలంలో ఆయన చొక్కాకు చెరుకు మడ్డివాసన ఉండేది, ఊరంతటికీ ఉండేది. ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత కొన్నేళ్లకు మా అమ్మ పోయింది. అప్పటినుంచి ఆయన పొద్దుగడిచేది మడిగె ముందర వేసుకున్న కుర్చీలోనే. నేను రెంజల్ వైపు ఓ హైస్కూల్లో సాంఘికశాస్త్రం టీచరమ్మను. పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. చలికాలం నాలుగు నెలలూ బాపుకు మాట తోడు అక్కే.

వాళ్లిద్దరికీ పరిచయమైన తీరు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. మొదటి ఏడాది అక్క వచ్చిన మర్నాడు బాపును చూసి చేతులు జోడించి, "పాలా" అంది. బాపు ఆమె వంక ఓసారి చూసి, లోపలికి పోయి, స్టీలు గిన్నెలో పాలు పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. మర్నాడు మళ్లీ "పాలా" అంది. ఆయన మళ్లీ పాలు తెచ్చాడు. ఓ వారం ఇట్లాగే నడిచింది. చివరికి ఆయన నాతో, "పాపం, పిల్ల పొద్దుగాలనే పాలడుగుతది, చాయ పెట్టుకోనికె గావచ్చు, ఇంకో లీటర్ చెప్పు పాలాయనకు" అన్నాడు. నేను వెళ్లి అక్కను అడిగితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ల భాషలో పాలా అంటే నాయనా అని. రోజూ పాలు ఎందుకిస్తున్నాడో తెలియక, ఇక్కడి పద్ధతేమో అనుకుని తాగేస్తోందట. సంగతి తెలిశాక బాపు సిగ్గుపడ్డాడు. కానీ పాలు ఆపలేదు.

తెలుగు ఆమెకు బాపే నేర్పాడు. అందుకే ఆమె మాటలో మా ఊరి యాస అచ్చంగా పలుకుతుంది. ఆ తెలుగే తర్వాత్తర్వాత ఆమెకు పని పెంచింది. నిజామాబాద్‌లో ఉన్న వాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానాకు అక్క కావాలి. ఎవరి మూట రైల్వే పార్సిల్లో చిక్కుకున్నా అక్క కావాలి. ఒక ఏడాది జాగా యజమాని, సరుకు దిగిన తర్వాత, ఆ స్థలం వేరేవాళ్లకు ఇచ్చేశానన్నాడు. ఆడవాళ్లంతా మూటల మీద కూర్చుని ఏడుస్తుంటే, అక్క బోధన్ నుంచి బస్సెక్కి పోయి, రెండు రోజులు ఊరంతా తిరిగి, వేరే జాగా మాట్లాడి వచ్చింది. ఇదేదో పెద్ద పని చేశానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మడిగె రెండు రోజులు మూతపడ్డందుకు విసుక్కుంది.

నేను చెప్పబోయే చలికాలంలో అక్కతోపాటు ఆమె అత్త కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మగడు పోయాడు, కొడుకు సరుకు పట్టుకుని ఇంకో రాష్ట్రం పోతాడు, క్యాంపులో ఒంటరిగా ఎట్లా వదలడమని కోడలు వెంట తెచ్చుకుంది. పొట్టిగా, ముఖమంతా సన్నటి ముడతలతో, నెరిసిన రెండు జడలు వెనక్కి కలిపి కట్టుకుని ఉండేది. చేతిలో జపమాల తిరుగుతూనే ఉండేది. అక్క ఆమెను "ఆమాలా" అని పిలిచేది. అంటే అమ్మా అని. ఈసారి బాపు ముందే అర్థం అడిగి తెలుసుకున్నాడు. తెలుసుకున్నాక తనూ అట్లాగే పిలిచాడు.

ఆమాలాకు హిందీ వచ్చు. టిబెట్ నుంచి వచ్చిన కొత్తలో కొండల్లో రోడ్లు వేసే పనికి పోయినప్పుడు నేర్చుకున్న హిందీ. బాపుది బోధన్ ఉర్దూ. ఇద్దరూ మడిగె ముందర ఎండలో కుర్చీలు వేసుకుని ఆ రెండింటినీ కలిపి మాట్లాడుకునేవాళ్లు. "మీ దిక్కు ఏం పండుతది?" అని బాపు అడిగితే బార్లీ అంది. "వరి?" లేదంది. "పసుపు? చెరుకు?" ఏదీ లేదంది. బాపు ఆ పూట అన్నం తింటూ నాతో, "బార్లీ తప్ప ఏం పండదంట వాళ్లకు, పాపం. అయినా గా ఊరే యాదిజేస్తది" అన్నాడు.

డిసెంబరు నుంచి అక్క ఫోను ఊరుకోలేదు. ఎవరెవరో మాట్లాడుతున్న వీడియోలు వచ్చేవి. గిరాకీ లేనప్పుడల్లా చూసేది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి బాపు అడుగుతున్నాడు.

"ఏంది బిడ్డా, పొద్దస్తమానం గా మనిషి మాట్లాడుడే?"

"ఓట్లు పాలా. మాకు పార్లమెంట్ ఓట్లొచ్చినయి."

"మీకు పార్లమెంటా? యాడుంటది?"

"ధర్మశాలల."

"ధర్మశాలల పార్లమెంటా!" బాపు నా వంక చూశాడు. బస్టాండ్ దగ్గర యాత్రికులు దిగే ధర్మశాల ఆయన కళ్లముందు ఉందని నాకు తెలుసు. అది హిమాచల్‌లో ఊరి పేరని చెప్పాను.

"అయితే రోడ్లేస్తరా వాళ్లు?"

"రోడ్లు మీ సర్కారు ఏస్తది గదా. వాళ్లు మా బడులు చూస్తరు, ముసలోళ్ల ఆశ్రమం చూస్తరు, మా క్యాంపులు చూస్తరు. మా దేశం గురించి బయట దేశాలల్ల మాట్లాడుతరు."

"పోలీసులున్నరా?"

"లేరు."

"పన్ను?"

"ఉంది. ఏడాదికోసారి మేమే కడ్తం."

"కట్టకపోతే పట్కపోతరా?"

"ఎవరు పట్కపోతరు పాలా, పోలీసులే లేరంటిని గదా."

బాపు ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి. కాలనీ ఎన్నిక నుంచి ఢిల్లీ ఎన్నిక దాకా ఎవరికి ఎన్ని పడతాయో కుర్చీలో కూర్చుని చెప్పగలనని నమ్మకం. "జబర్దస్తీ లేకుంట పన్నుగట్టే జనం ఉన్నరా దునియాల!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఎన్నిక ఆయనది అయిపోయింది.

ప్రతి సాయంత్రం ఓ కొత్త సంగతి తెలిసేది. వాళ్ల తాతముత్తాతల ఊరు టిబెట్‌లో ఏ ఇలాకాలో ఉందో ఆ ఇలాకా సీట్లకే ఓటు వేస్తారు. చూడని ఊరి కోసం అక్క ఓటు, పుట్టిన ఊరి కోసం ఆమాలా ఓటు. బౌద్ధ సన్యాసులకైతే తమ మఠం తరఫున ఇంకో ఓటు కూడా ఉంటుంది. "సాధువులకు రెండు ఓట్లా?" అని బాపు చాలాసేపు నవ్వాడు. అన్నిటికన్నా ఆయనకు నచ్చింది మొదటి విడత పద్ధతి. అందులో కాగితం మీద ముందే అచ్చువేసిన పేర్లు ఉండవు. పార్లమెంట్‌కు ఎవరిని పంపాలనుకుంటే వాళ్ల పేర్లు ఓటేసేవాళ్లే రాయొచ్చు. ఎక్కువమంది రాసినవాళ్లు రెండో విడతకు మిగులుతారు.

"అంటే ఎవల పేరైన రాయొచ్చా?"

"రాయొచ్చు. కానీ ఎవరు రాస్తరు? నిలబడ్డోళ్లవే రాస్తరు."

నిలబడ్డవాళ్లలో ఆమాలా చెల్లెలి కొడుకు ఒకడు. అక్క చూసే వీడియోల్లో సగం అతనివే. ఇంటి మనిషి కాబట్టి ఆమె నిజామాబాద్ వాళ్లందరికీ అతని గురించి చెబుతోంది. ఆమాలాకు మాత్రం అతనంటే గిట్టదు.

"ఇంటికొచ్చి తిన్నడు, తాగిండు" అంది బాపుతో తన హిందీలో. "నువ్వు తిన్నవా అని నన్ను ఒక్కసారి అడగలేదు. పార్లమెంట్‌కు పోయి ఎవరిని అడుగుతడు?"

"మరి ఎవలకేస్తవ్?"

"చూస్త."

"చూసేదేముంది? దవాఖానకు, రైల్వేకు, జాగాకు అందరికోసం తిరిగింది నీ కోడలు. రాస్తే ఆమె పేరు రాయాలె" అన్నాడు బాపు. మాటవరసకు అన్నాడు. అక్క లోపల గిరాకీకి జాకెట్టు చూపిస్తోంది, వినలేదు. ఆమాలా చేతిలో జపమాల మాత్రం కాసేపు ఆగింది. ఆ సంగతి నేను గమనించాను గానీ, ఏదో ఆలోచనలో పడిందనుకున్నాను.

చలికాలంలో వ్యాపారం చేసుకునే ఊళ్లోనే ఓటు వేసేలా వాళ్లలోవాళ్లు ఏర్పాటు చేసుకుంటారు. నిజామాబాద్‌లో ఓ చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఓటు ఆదివారం. అక్క పొద్దున్నే పని చూడాలని ముందు రోజే వెళ్లిపోయింది. ఆమాలాను బస్సులో ఒక్కదాన్నే పంపలేం కాబట్టి, మధ్యాహ్నంలోపు నా కారులో తీసుకొస్తానని మాటిచ్చాను. బాపు పిలవకుండానే తయారయ్యాడు. తెల్ల ధోవతి కట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమాలా మడమల దాకా వచ్చే నల్లటి గౌను వేసుకుని, దాని ముందు రంగురంగుల పట్టీల గుడ్డ కట్టుకుని, వెనక సీట్లో నిటారుగా కూర్చుంది.

ఎడపల్లి దాటాం. ఇంకొంత దూరం పోయామో లేదో ముందర వాహనాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. రోడ్డుకడ్డంగా ట్రాక్టర్లు పెట్టి, రైతులు బైఠాయించారు. దగ్గరి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. బోర్లు నడవక, నాటేసిన మడులు ఎండుతున్నాయట. కొత్తది వచ్చేదాకా లేచేది లేదంటున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ గంట గడిచింది. ఇంకా గడిచింది. అక్క ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. ఆలస్యమైతే ఓట్ల డబ్బా మూసేస్తారని ఆమె భయం. వెనక్కి తిప్పుదామంటే వెనక చెరుకు ట్రాలీ, దాని వెనక బస్సు.

ఆమాలా ఒకే మాట అడిగింది: "నడిచిపోతే ఎంత దూరం?"

ఆ మాటకు బాపు కారు తలుపు తీసుకుని దిగాడు. నేను "బాపూ, ఎక్కడికి?" అంటున్నా వినకుండా ట్రాక్టర్ల దగ్గరికి పోయాడు. నేను వెనకే పరుగెత్తాను.

"అన్నా, జర మా కారును ఇడ్సిపెట్టుండ్రి" అన్నాడు అక్కడ మైకు పట్టుకున్న ఆయనతో. "ఓటెయ్య పోతున్నం."

ఆయన బాపును ఎగాదిగా చూశాడు. "ఏం ఓట్లు పెద్దమనిషీ? గిప్పుడు యాడున్నయి ఓట్లు?"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఒకాయన, "మనకు తెల్వకుంట పెట్టిండ్రేమో, అడుగు అడుగు!" అన్నాడు. ఇంకా నవ్వారు.

బాపు కోపగించుకోలేదు. "మనయి గావు. కార్ల ఒక ముసలమ్మ ఉన్నది. టిబెటామె. పదిహేనేండ్ల పిల్లప్పుడు దేశం పొయ్యింది, మంచుకొండలు ఎక్కి దిగి వచ్చింది. వాళ్లకు ఇప్పుడు భూమి లేదు, సర్కారు లేదు. అయిన గూడ పార్లమెంట్ పెట్టుకున్నరు, ఓటు పెట్టుకున్నరు. గా ఓటు నిజామాబాద్‌ల పడాలె, పొద్దుగూకకముందే పడాలె. మీది న్యాయమే, నేను గూడ ధర్నాలు జేసినోన్నే. నన్ను ఈన్నే కూసోపెట్టుకోండ్రి, ఆమెను పోనియ్యుండ్రి."

ఇంతలో ఆమాలా తనే కారు దిగి, బస్సులూ ట్రాలీల మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చేసింది. ఆ పట్టీల గుడ్డను, రెండు జడలను చూసి అందరూ మాటలు ఆపారు. ఆమె అందరికీ చేతులు జోడించింది.

మైకు పట్టుకున్నాయన మైకు పక్కన పెట్టాడు. "ఏ పార్టీ అవ్వా?" అన్నాడు తెలుగులో. బాపు హిందీలో చెప్పాడు. ఆమె నవ్వి, పార్టీల్లేవంది.

"పార్టీలు లేకుంట ఓట్లా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "గదేదో మనకు గూడ పెట్టుండ్రి!"

రోడ్డు పక్కన కూర్చున్న ఓ రైతు ఇల్లాలు లేచి వచ్చింది. ఆమె కొంగులో శెనగచెట్లు, కాయలతో సహా పీక్కొచ్చినవి ఉన్నాయి. ఆ కట్టంతా ఆమాలా చేతిలో పెట్టి, "పోంగ తిను అవ్వా, పొద్దటిసంది ఏం తిన్నవో" అంది. తర్వాత ట్రాక్టరు మీదున్న మగవాళ్ల వైపు తిరిగి, "ఏందట్ల సూస్తరు, జరపుండ్రి" అని కసిరింది.

ఒక ట్రాక్టరు వెనక్కి జరిగింది. మా కారు ఒక్కటే దాటింది. బాపును కూర్చోబెట్టుకోలేదు. దాటుతుంటే ఎవరో బానెట్ మీద చేత్తో కొట్టి, "గెలువాలె అవ్వా!" అని అరిచారు. ఆమాలాకు అర్థం కాలేదు గానీ కారు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నిజామాబాద్ వచ్చేదాకా పచ్చి శెనగలు ఒలుచుకుని తింటూ, బాపుకు ఒకటి, తనకు ఒకటి పంచింది.

నేను ఎన్నికల డ్యూటీ ఎన్నోసార్లు చేశాను. సామాను మోసుకుని ఊళ్లకు పోవడం, తెల్లవారకముందే మాక్ పోల్, ఏజెంట్ల కొట్లాటలు, గేటు దగ్గర పోలీసులు, అన్నీ తెలుసు. ఆ హాల్లో అవేవీ లేవు. గోడకు వాళ్ల గురువుగారి పటం, దాని ముందు దీపం. బల్ల మీద తెల్ల పట్టుగుడ్డ చుట్టిన డబ్బా. ఓటేసి వచ్చినవాళ్లు ఇంటికి పోకుండా ఓ మూల కూర్చుని ఫ్లాస్కుల్లోంచి ఉప్పు చాయ పోసుకుంటున్నారు. రోజూ టార్పాలిన్ కింద జాకెట్లు మడతపెట్టే ఆడవాళ్లు ఆ రోజు ఒక్కొక్కరూ పెళ్లికొచ్చినట్టు ఉన్నారు. నాకు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

అక్క ఎదురొచ్చి ఆమాలా చెయ్యి పట్టుకుంది. వాళ్ల భాషలో ఏదో గొణిగింది. తర్వాత నాతో, "ఆమాలాకు కండ్లు మంచిగ కనబడవు. నేను రాస్త అంటున్న" అంది. ఆమాలా చెయ్యి విడిపించుకుంది. అక్క మళ్లీ ఏదో అంది. ఈసారి ముసలామె గట్టిగా ఓ మాట అనేసరికి చుట్టూ ఉన్నవాళ్లంతా పక్కున నవ్వారు. అక్క ముఖం ఎర్రబడింది.

"ఏమన్నది?" అని బాపు అడిగాడు.

"నువ్వు నా కోడలివి, నా పెన్నువు కాదు అంటుంది" అంది అక్క.

ఆమాలా ఒక్కతే బల్ల దగ్గరికి పోయింది. చిన్నప్పుడు ఆమె బడికి పోలేదు. కొడుకు బడికి పోయే రోజుల్లో వాడి పక్కన కూర్చుని, వాడి పుస్తకంలోని అక్షరాలే దిద్ది నేర్చుకుంది. కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ముక్కు పెన్నుకు తగిలేంతగా వంగి రాసింది. చాలాసేపు రాసింది. ఆమె వెనక లైనులో ఎవరూ తొందరపెట్టలేదు. కాగితం మడిచి, నుదుటికి ఆనించుకుని, డబ్బాలో వేసింది. బాపు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. డబ్బాలో కాగితం పడగానే ఆయన చప్పట్లు కొట్టబోయి, అందరూ నిశ్శబ్దంగా ఉండటం చూసి ఆగిపోయాడు.

ఓటేశాక ఆమాలా వచ్చి చాయ తాగేవాళ్ల మధ్య కూర్చుంది. అసలే ముసలామె, అందరికీ పెద్ద. ఓటు వేయడానికి ఇంకా సగం మందికి పైగా మిగిలి ఉన్నారు, దుకాణం మూసి ఒక్కొక్కరుగా వస్తున్నారు. వచ్చినవాళ్లు ముందు ఆమెను పలకరించేవాళ్లు. ఆమె వాళ్లను దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పేది. మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పుకుంటోందనుకున్నాను.

తిరుగుప్రయాణంలో దారి తెరుచుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందని రోడ్డు పక్కన ఎవరో చెప్పారు. అక్క హాల్లో పని ఉందని అక్కడే ఉండిపోయింది. బాపు వెనక్కి తిరిగి, "ఎవలకేసినవ్ ఆమాలా?" అన్నాడు.

"అట్లడగొద్దు బాపూ" అన్నాను.

ఆమె తనే ఎదురడిగింది. "మీరు ఓటేస్తరా?"

"ప్రతిసారి. ఒక్కటి గూడ ఇడువలేదు."

"దేనికోసం వేస్తరు?"

"ఫ్యాక్టరీ తెరుస్తమంటరు. అందుకోసం వేస్త."

"తెరిచిండ్రా?"

"లేదు."

ఆమాలా ఆయన ముఖం వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. శబ్దం లేని నవ్వు, భుజాలు కదిలిపోయే నవ్వు. ముందు సీటు మీదుగా చెయ్యి చాపి బాపు భుజం మీద ఓ దెబ్బ వేసింది. బాపుకూ నవ్వొచ్చింది. ఇద్దరూ ఎడపల్లి దాకా అట్లా నవ్వుతూనే ఉన్నారు. అమ్మ పోయాక ఆయన అంతగా నవ్వడం నేను చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ, "మల్ల ఎలక్షన్లొస్తే మల్ల వేస్త" అన్నాడు. "నేను కూడ" అంది ఆమె.

కొన్ని రోజుల తర్వాత నిజామాబాద్ డబ్బాలోని కాగితాలు లెక్కపెట్టారు. నేను బడి నుంచి వచ్చేసరికి మడిగె షట్టర్ సగం దించి ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని వంగి లోపలికి పోయాను. అక్క విప్పని మూట మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. ఒకటే మాట మళ్లీ మళ్లీ అడుగుతోంది. పెట్టేసి నా వంక చూసింది.

"టీచరమ్మా, నా పేరు రాసిండ్రంట."

"ఎవరు?"

"నిజామాబాద్‌ల. చానమంది. ఆమాలా చెల్లె కొడుకు కన్నా ఎక్కువ వచ్చినయంట నాకు. ఎందుకు రాసిండ్రు? నేను నిలబడనే లేదు." ఆమె గొంతులో కోపం ఉంది, భయం ఉంది. "అందరు అనుకుంటరు, నేనే చెప్పి రాయించిన అని. ఆయన ముఖం ఎట్ల చూడాలె నేను?"

వెంటనే షట్టర్ పైకెత్తి బయటికి వచ్చింది. బాపు, ఆమాలా ఎండలో కూర్చుని ఉన్నారు.

"పాలా! మీరే చేసిండ్రు గిది!"

"నేనేం జేసిన? నాకు మీ అక్షరాలు వస్తయా?" అన్నాడు బాపు. నిజంగానే ఆయనకు ఏమీ తెలియదు. అన్నాక మాత్రం తన మాట తనకే గుర్తొచ్చినట్టుంది, మెల్లగా ఆమాలా వైపు చూశాడు. ఆమె ఆకాశం వంక చూస్తూ జపం చేసుకుంటోంది.

అక్క అత్తను నిలదీసింది. చాలా మాటలు నడిచాయి. మాకు అర్థం కాలేదు. చివరికి ఆమాలా బాపుకు తన హిందీలో చెప్పింది: "నేను నా కాగితం మీదనే రాసిన. వేరేవాళ్ల కాగితాల మీద నేను రాయలేదు గదా. ఈమె పేరు రాస్తే మంచిదే అయితదని చెవిల చెప్పిన, వాళ్లకూ మంచిదే అనిపించింది. ఇంట్ల ఉన్నదాన్ని పొగిడితే పాడైతదని ఇన్నేండ్లు నోటితోని చెప్పలేదు. రాసిన."

బాపు ఆ మాటలు తెలుగులో అక్కకు మళ్లీ చెప్పాడు. ఆమెకు అవసరం లేదు, ఆమె విన్నది. అయినా ఆయన చెప్పాడు. అక్క తన నడుముకు కట్టుకున్న పట్టీల గుడ్డతో ముఖం తుడుచుకుంది. అప్పుడే ఒక ముసలాయన మనవరాలికి టోపీ కావాలని వచ్చాడు. ఆమె లోపలికి పోయి, ముక్కు ఎగబీలుస్తూ టోపీలు చూపించింది.

నిజామాబాద్ ఓట్లు ఏ మూలకు వస్తాయి? దేశదేశాల్లో ఉన్నవాళ్లు వేసిన ఓట్లన్నీ కలిపితే అక్క పేరు ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఎండలు ముదిరాక జరిగిన రెండో విడతలో ఆమాలా చెల్లెలి కొడుకే గెలిచాడు. అప్పటికి వాళ్లు క్యాంపుకు వెళ్లిపోయారు. ఫోన్లో ఆ సంగతి చెప్పినప్పుడు బాపు, "పోనీ, ఇప్పుడన్న తిన్నవా అని అడిగిండా ఆమాలాను?" అన్నాడు. అడిగాడట. ఇంటికి వచ్చి, కాళ్లకు మొక్కి మరీ అడిగాడట.

కానీ సంగతి అక్కడితో అయిపోలేదు. నిజామాబాద్ ఆడవాళ్లు క్యాంపుకు చేరాక అక్కను వదల్లేదు. వాళ్ల క్యాంపుకు విడిగా ఓ చిన్న సభ ఉంటుంది. నీళ్లు, వీధిదీపాలు, సొసైటీ ట్రాక్టర్లు లాంటివి అది చూసుకుంటుంది. దానికి ఎన్నిక వచ్చినప్పుడు అక్కను నిలబెట్టారు. ఈసారి అడిగే నిలబెట్టారు. గెలిచింది.

ఆ ఏడు దీపావళి తర్వాత లారీ ఆలస్యంగా వచ్చింది. అక్క ఒక్కతే దిగింది. ఆమాలా మోకాళ్లు బాగా లేవట, కొడుకు ఈసారి సరుకుకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడట. సభ సమావేశం ఉంటే మధ్యలో వెళ్లి రావాలని, ఆ రోజుల్లో మడిగె మూసేస్తానని చెప్పింది. "మూసుడెందుకు, నేను కూసుంట" అన్నాడు బాపు. ఆయన కూర్చున్న మొదటి రోజే పిల్లల స్వెటర్లన్నీ అడిగినవాళ్లకు అడిగిన ధరకే ఇచ్చేశాడు. అది వేరే కథ.

చేరిన సాయంత్రం మూటలు లోపల పెట్టాక, బాపు కుర్చీ దగ్గరగా జరుపుకుని అడిగాడు.

"సభల మాట్లాడినవా బిడ్డా?"

"మొదటి రోజు మాట్లాడలేదు పాలా. లేచిన, నిలబడ్డ, మల్ల కూసున్న."

"రెండో రోజు?"

"రెండో రోజు మాట్లాడిన. పై లైన్ల ఉన్న ముసలోళ్ల ఇండ్లకు నీళ్లు ఎక్కుతలేవు. బిందెలు మోస్తున్నరు. గదే చెప్పిన."

"ఏమన్నరు?"

"చూస్తమన్నరు."

"చూస్తమంటే ఊకోవద్దు" అన్నాడు బాపు, వేలెత్తి. "మల్ల పోయి అడుగు. ఎప్పుడు చూస్తరు, ఎవరు చూస్తరు, పైపులెప్పుడొస్తయి, గిట్ల అడుగు. చూస్తమన్న మాట నేను చాన ఇన్న."

అక్క తల ఊపింది. తర్వాత కత్తెర తీసుకుని మొదటి మూట కుట్టు విప్పడం మొదలుపెట్టింది. బాపు అటు అంచు పట్టుకున్నాడు.